కప్పడం, కప్పిపుచ్చడం

తెలుగులో కప్పడం అనే పనికి మంచీ చెడూ రెండూ అంటుకుని ఉంటాయి. ఇంటికి పైన ఉండేది కప్పు. పడుకున్న పిల్లాడికి దుప్పటి కప్పితే ప్రేమ, సభలో పెద్దమనిషికి శాలువా కప్పితే గౌరవం. అదే మాట పక్కన 'పుచ్చడం' చేరితే కప్పిపుచ్చడం అవుతుంది. ఇక అందులో ప్రేమా ఉండదు, గౌరవమూ ఉండదు. ఏదో జరిగింది, ఎవరో దాన్ని దాస్తున్నారు, అంతే. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుంది? వినడానికి ఇది భాష గురించిన ప్రశ్నలా ఉంటుంది గానీ, నాకు మాత్రం అనకాపల్లిలో మా అమ్మ వంటింటి గోడ దగ్గర ఎదురైంది.

ఆ గోడకి 1988లో మా నాన్న టైల్స్ వేయించారు. ఆరంగుళాల చదరపు తెల్ల టైల్స్. గట్టుకి జానెడు ఎత్తులో ద్రాక్షగుత్తుల బొమ్మలున్న వరస ఒకటి. పొయ్యికి తూర్పువైపు, కళ్ల ఎత్తులో, వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న టైలు ఒకటి. అప్పట్లో మా వీధిలో వంటింటికి టైల్స్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరివీ సున్నం గోడలే. ఏడాదంతా పొగకి నల్లబడటం, సంక్రాంతి ముందు మళ్లీ సున్నం కొట్టుకోవడం. నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తాగా చేసేవారు. ఆ టైల్స్ కోసం ఎన్ని నెలలు డబ్బు పక్కన పెట్టారో లెక్క అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది.

36 ఏళ్ల తరవాత ఆ టైల్స్ గాజుపూత మీద వెంట్రుకల్లాంటి గీతలు పడ్డాయి. సందుల్లో తెల్ల సిమెంటు పోయి, జిడ్డూ పసుపూ చేరి నల్లబడ్డాయి. నాన్న పోయి ఐదేళ్లయింది. గోడ బాగుచేయించాలి అనగానే మూడు దారులు కనిపించాయి: ఉన్నవాటిని తోమించి ఉంచేయడం, పగలగొట్టి కొత్తవి వేయడం, పాతవాటి మీదే కొత్తవి అంటించడం.

మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. వీడియో కాల్‌లో గోడ చూపించగానే వాడు, "అక్కా, వాటిని ముట్టుకోవద్దు. అలాంటివి ఇప్పుడు ఎక్కడా దొరకవు" అన్నాడు. వాడి మాటని కొట్టిపారేయడానికి లేదు. 1920లు, 30లలో జపాన్ కార్ఖానాలు మన దేశానికి రంగురంగుల ఉబ్బెత్తు టైల్స్ ఓడల్లో పంపాయి. మన దేవుళ్ల బొమ్మలతో కూడా చేసి అమ్మాయి. కొన్నవాళ్లకి అవి బజారు సరుకే. ఇప్పుడు చెట్టినాడు మేడల్లో వాటిని చూడటానికి జనం ప్రయాణాలు కట్టుకుని వెళ్తున్నారు, పాతిళ్లు కూలినప్పుడు ఒక్కో టైలునీ జాగ్రత్తగా ఊడదీసి అమ్ముకుంటున్నారు. రేపు ఏది విలువైనది అవుతుందో ఇవాళ ఎవరికీ తెలియదు. కాబట్టి చెరపకండి అని తమ్ముడి వాదన.

పక్కనే ఉన్న అమ్మ ఫోన్ తీసుకుంది. "ఒరేయ్, ఆ సందుల్లో జిడ్డు ముప్ఫయ్యారేళ్లు గోకింది నేను. నువ్వు వచ్చి ఫోటో తీసుకుని పోతావు" అంది.

ఈ ఒక్క మాటతో వాదన తీరే మారిపోయింది. పాతది కాపాడాలి అని మనం అంటున్నప్పుడు, రోజూ దాన్ని తుడిచేది ఎవరు అన్న ప్రశ్న అడుగున పడి ఉంటుంది. మా తరంలో చాలామందికి పాత ఇళ్లంటే ప్రేమ. మండువా లోగిళ్లు, గుమ్మాలకి పసుపు, గచ్చు నేలలు. ఆ ప్రేమ అబద్ధమని నేననను. కాకపోతే అది ఎక్కువగా ఊరొదిలి వెళ్లినవాళ్ల ప్రేమ. ఊళ్లో ఉండిపోయినవాళ్లకి ఆ గచ్చు మీద నడుం వంచి తడిగుడ్డ పెట్టడం కూడా ఉంటుంది. ఇంటిని మ్యూజియంలా ఉంచమనేవాళ్లు మామూలుగా అందులో వంట చేసేవాళ్లు కారు. ఒక గోడ మీద జ్ఞాపకం ఇద్దరికీ సమానంగా ఉండొచ్చు. చాకిరీ మాత్రం ఒక్కరిదే అయినప్పుడు, మాట చెల్లాల్సింది ఎవరిది?

అమ్మ ఇంకో సంగతి కూడా చెప్పింది, అది నాకు అంతకు ముందు తెలియదు. ఆ ద్రాక్షగుత్తులు అమ్మని అడిగి వేసినవి కావు. నాన్న విశాఖపట్నం వెళ్లి, తనకి నచ్చినవి ఎంచుకుని, లారీ మీద వేసుకుని వచ్చారు. వంట చేసేది అమ్మే అయినా ఆ గోడ గురించి అమ్మ మాట ఎవరూ అడగలేదు. అందులో ఎవరూ ఎవరినీ నొప్పించాలనుకోలేదు. ఆ రోజుల్లో అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు. అంటే, తమ్ముడు కాపాడమంటున్నది మా ఇంటి జ్ఞాపకమే, నిజం. అయితే అందులో అమ్మ వంతు తోమడం వరకే. తన వంటింటి గోడ ఎలా ఉండాలో అమ్మ చెప్పడం డెబ్బై ఏళ్ల వయసులో ఇదే మొదటిసారి.

ఇంత చెప్పాక, కొత్తవి కావాలన్న అమ్మే, "పగలగొట్టొద్దు. కప్పించండి" అంది.

ఎందుకమ్మా అంటే ముందు దేవుడి టైలు చూపించింది. గోడకి సిమెంటుతో అతుక్కుపోయిన టైలు ముక్కలు కాకుండా రాదు. పాత పటాలయితే రావిచెట్టు కింద పెడతాం, నదిలో కలుపుతాం. గోడలోని దేవుడి మీద సుత్తి ఎవరు వేస్తారు? మేస్త్రి కూడా అదే అన్నాడు, "నాను వెయ్యలేనమ్మా." మరి ద్రాక్షగుత్తుల సంగతేంటి అంటే అమ్మ జవాబివ్వలేదు. నేను రెండోసారి అడగలేదు. ఒక మనిషి ఎంపికని ఇక చూడాలనిపించకపోవడం, అయినా దాన్ని ముక్కలు చేయడానికి చెయ్యి రాకపోవడం, ఈ రెండూ ఒకే గుండెలో ఉండొచ్చని అప్పుడు అర్థమైంది. కప్పడం ఆ రెంటికీ చోటిచ్చే పని.

మేస్త్రి తన లెక్కలు తను చెప్పాడు. టైలు మీద టైలు వేయాలంటే ముందు కింది టైలు గోడని గట్టిగా పట్టుకుని ఉండాలి. అతను రూపాయి బిళ్ల తీసుకుని ప్రతి టైలునీ కొడుతూ వెళ్లాడు. గట్టిగా పలికినవి ఉంటాయి, డొల్లగా పలికినవి ఊడదీసి ఆ చోటు సిమెంటుతో నింపాలి. జిడ్డంతా కడగాలి. గాజుపూత నున్నగా ఉంటే ఏదీ పట్టదు కాబట్టి మిషన్‌తో గరుకు చేయాలి. ఆ తరవాత గమ్ము పూసి కొత్తవి అంటించాలి. గోడ అర అంగుళం పైగా ముందుకొస్తుంది, కాబట్టి కుళాయిల వెనక ముక్క పైపు తగిలించాలి, స్విచ్చి బోర్డులు ముందుకి జరపాలి. ఇవన్నీ చెప్పి, సింకు దగ్గర ఆగి, "ఇక్కడ గోడ తడిగుంది. తడి గోడని మాత్రం కప్పకూడదమ్మా. ఈ రోజు ఊరుకుంటాది, రేపు ఇంకో పక్క నుంచి వచ్చేస్తాది" అన్నాడు. సింకు వెనక పైపు కారుతోంది. అక్కడ డొల్ల పలికిన ఐదు టైల్స్ తీయించి, పైపు మార్చి, గోడ ఎండేదాకా పదిరోజులు పని ఆపాం.

పగలగొట్టకపోవడానికి దేవుడితో సంబంధం లేని కారణం కూడా ఉంది. టైలంటే బంకమట్టితో పాటు క్వార్ట్జ్ రాతిపొడి కూడా కలిపి కాల్చిన వస్తువు. దాన్నీ దాని వెనకున్న ఇసకా సిమెంటునీ పొడిగా కోసినా, పగలగొట్టినా లేచే దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకి సిలికోసిస్ వస్తుంది, ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆ జబ్బుకి నయం లేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని పనిచేసే కూలీలకి ఆ తువ్వాలు పెద్దగా అడ్డం రాదు. ఇక ముక్కలు ఎక్కడికి పోతాయి? కట్టడాల వ్యర్థాల గురించి 2016లో కేంద్రం విడిగా నిబంధనలు తెచ్చింది. వ్యర్థం ఎవరి పనివల్ల పుట్టిందో వాళ్లకీ బాధ్యత ఉందని అవి చెప్పాయి. చాలా ఊళ్లలో మాత్రం అది రాత్రిపూట ఆటోలో వెళ్లి ఏ గెడ్డ గట్టునో పడుతుంది. గరుకు చేసినప్పుడు మా ఇంట్లోనూ కొంత దుమ్ము లేచింది. నీళ్లు చల్లుతూ చేయించాం. గోడంతా పగలగొట్టి ఉంటే లేచేదానితో పోలిస్తే అది కొద్దే.

మరి దేవుణ్ణి కప్పడం అపచారం కాదా అని ఇంటికొచ్చిన ఒక బంధువు అడిగారు. అమ్మ తడుముకోలేదు. "సింహాద్రప్పన్నని ఏడాదంతా కప్పే ఉంచుతారు కదా" అంది.

ఈ జవాబు ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకే తడుతుంది. సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహస్వామి మూలవిరాట్టు ఏడాది పొడుగునా చందనం కింద ఉంటుంది. భక్తులకి కనిపించేది లింగాకారంలో ఉన్న చందనపు ముద్ద. వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రాత్రి నుంచి మళ్లీ విడతలు విడతలుగా పూస్తారు. ఆ చందనం కింద ఏముందో తెలియని భక్తుడు ఒక్కడూ ఉండడు. కప్పారన్నది రహస్యం కాదు, ఎప్పుడు తీస్తారో పంచాంగంలోనే ఉంది. అందుకే అది కప్పడమే గానీ కప్పిపుచ్చడం కాదు. చూడలేకపోవడం వేరు, ఉందని తెలియకపోవడం వేరు.

అమ్మ పోలిక బాగుంది. అయితే దాన్ని చివరిదాకా తీసుకెళితే ఒకచోట మనకి వ్యతిరేకంగా తిరుగుతుంది. చందనం తీస్తే వస్తుంది. పాలిమర్ కలిసిన గమ్ము రాదు. కొత్త టైలు ఊడదీస్తే దానితోపాటు పాత టైలు ముఖం కూడా చీలిపోతుంది. గరుకు చేసినప్పుడే దాని మెరుపు సగం పోయింది. కాబట్టి "పగలగొట్టలేదు, లోపల భద్రంగా ఉన్నాయి" అని తమ్ముడికి చెబితే అది ఓదార్పే గానీ నిజం కాదు. ఆ ద్రాక్షలు మళ్లీ వెలుగు చూడవు. నిజంగా కాపాడాలనే ఉంటే మరలు బిగించి పైన పలకలు అమర్చే పద్ధతి ఉంది, విప్పితే కింది గోడ కనబడుతుంది. అది అమ్మ ఒప్పుకోలేదు. "వెనకాల బొద్దింకలు కాపురం పెడతాయి" అంది. వంట చేసే మనిషిగా ఆ మాట న్యాయమే. మేం పాత గోడని మూసేయాలనే నిర్ణయించుకున్నాం. దానికి 'సంరక్షణ' అని పేరు పెట్టుకుంటే అదే అసలైన కప్పిపుచ్చడం అవుతుంది.

పై పొరకి కూడా హక్కులుంటాయి అన్నది ఇంకో సంగతి. తంజావూరు బృహదీశ్వరాలయంలో గర్భగుడి చుట్టూ ఉన్న ప్రదక్షిణ మార్గంలో గోడల మీద నాయకుల కాలపు చిత్రాలుండేవి. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి ఆ పొర ఊడిన చోట కింద చోళుల కాలపు చిత్రాలున్నాయని కనిపెట్టారు. ఆరువందల ఏళ్ల తేడాతో రెండు పొరలు. కిందిది చూడాలంటే పైది పోవాలి. పైది కూడా మూడు శతాబ్దాల పైబడినదే, దాన్ని గీసిన చేతులూ చేతులే. పురావస్తు శాఖ చివరికి పై పొరని జాగ్రత్తగా ఒలిచి, వేరే పలకల మీదికి మార్చి, రెండింటినీ దక్కించే దారి వెతికింది. అంత ఖర్చూ, అంత నైపుణ్యమూ అక్కడ కుదిరాయి. మామూలు ఇళ్లలో కుదరవు. అయినా ఆ గోడ చెప్పే మాట మన ఇళ్లకీ వర్తిస్తుంది: పాతదే అసలు, కొత్తది కేవలం పూత అనడానికి లేదు. చోళ చిత్రకారుడి మీద రంగు వేసిన నాయకుల కాలపు మనిషికీ తన రోజుల్లో ఆ గోడ కావాల్సి వచ్చింది. 1988లో నాన్నకి కావాల్సి వచ్చింది. ఇప్పుడు అమ్మకి.

అలాగైతే ఎవరు కావాలంటే వాళ్లు ఏం కావాలంటే అది కప్పుకోవచ్చా? ఇక్కడే గీత గీయాలనుకుంటున్నాను. నాకు దారి చూపినవి రెండు: మేస్త్రి తడి గోడ మాట, ఒక పాత చట్టం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ అమ్మేవాడి బాధ్యతలు చెబుతుంది. మొదటిదే ఇది: ఆస్తిలో చెప్పుకోదగ్గ లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు దాన్ని బయటపెట్టి తీరాలి. ఆ ఇంట్లో లోపం ఉండటం తప్పని చట్టం అనదు. నాకు తెలిసి, నీకు కనబడకుండా ఉన్నదాన్ని నేను చెప్పకపోవడం తప్పంటుంది. అద్దె ఇళ్లు వెతికే ప్రతివాడికీ దీని అవసరం తెలుసు. కొత్తగా రంగేసిన గోడ, నెల తిరిగేసరికి మూలల్లో పొక్కిపోయే పూత. చెమ్మ ఉందని తెలిసి రంగేసినవాడు గోడని కప్పలేదు, అద్దెకొచ్చేవాడి కళ్లు కప్పాడు. కళ్లు కప్పడం అని మన భాష దీనికి ఎప్పుడో పేరు పెట్టేసింది.

ఇళ్లలో మనుషులు ఒకరి మీద ఒకరు కప్పుకునేవి కూడా ఇలాగే ఉంటాయి. పెళ్లయిన కొత్తల్లో జరిగిన మాట ఒకటి, అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా ఒకటి. అవన్నీ తవ్వి బయటపెట్టుకుంటేనే నిజాయితీ అన్న మాట నేను నమ్మను. ఎండిపోయిన వాటిని కప్పుకుని బతకడం పెద్దవాళ్లు తెలిసి చేసే పని. అందులో దయ ఉంది. లోపల ఇంకా కారుతున్నదాని మీద టైలు అంటించడమే ప్రమాదం. రూపాయి బిళ్లతో కొట్టి చూసే ఓపిక అక్కడ కావాలి.

గోడ విషయంలో మేం చేసింది చిన్న పని. కొత్త టైల్స్ వేయకముందు పాత గోడకి కొలత టేపు ఆనించి ఫోటోలు తీశాం. పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, కరెంటు తీగ ఏ ఎత్తులో ఉంది, ఐదు టైల్స్ ఏ చోట తీశాం, దేవుడి టైలు గట్టుకి ఎన్ని అంగుళాల పైన ఉంది. వాటిని ప్రింటు తీయించి, వెనకాల తేదీ రాసి, ఇంటి దస్తావేజులున్న సంచిలో పెట్టాం. సగం అవసరం, సగం భక్తి. రేపు ఎవరో ఈ ఇంట్లో అరకి మేకు కొట్టాలంటే పైపు పగలకుండా చూసుకుంటారు. నమ్మకం ఉన్నవాళ్లయితే స్వామి నుదుటి మీద డ్రిల్లు పెట్టకుండా తప్పుకుంటారు. లేనివాళ్లకి అది వట్టి కొలత, దానికీ ఉపయోగం ఉంది. తమ్ముడికి ఆ ఫోటోలు పంపితే సంతోషించలేదు. "కనీసం రాసి పెట్టారు" అన్నాడు. వాడి దుఃఖం వాడిది, అమ్మ గెలిచింది కదా అని అది అబద్ధమైపోదు. నిర్ణయం ఒకరిదైనప్పుడు బెంగ ఇంకొకరికి మిగలడం ఏ ఇంట్లోనైనా ఉండేదే.

కప్పేవాడికి ఉన్న బాధ్యత గురించి ఆలోచిస్తే, మా ఊరి పక్కనే అంతకన్నా పాత ఉదాహరణ ఒకటి ఉంది. అనకాపల్లి నుంచి రెండు మూడు కిలోమీటర్లు వెళితే శంకరం, అక్కడ బొజ్జన్నకొండ. కొండరాతిలో తొలిచిన స్తూపానికి పైన ఇటుకలు పేర్చి తొడుగు కట్టారు. అంటే కప్పడం అక్కడ కట్టడంలోనే భాగం. పక్కనున్న లింగాలకొండ నిండా రాతిలో చెక్కిన చిన్నచిన్న స్తూపాలు. బౌద్ధం వెళ్లిపోయాక మట్టీ తుప్పలూ వాటిని కప్పాయి. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించేదాకా అవేమిటో బయటి ప్రపంచానికి సరిగ్గా తెలియలేదు. స్తూపాలు చూసిన ఊరివాళ్లు వాటిని లింగాలన్నారు. బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు. ఇవి కూడా ఒక పూతే, మాటల పూత. అయినా ఆ పూతలో కిందిది తెలుస్తూనే ఉంది. బొజ్జన్నలో బుద్ధుడు వినిపిస్తాడు. శంకరం అన్న పేరు సంఘారామం నుంచి వచ్చిందని చెబుతారు. అదే నిజమైతే, భిక్షువులు పోయి, మఠం మట్టిలో కలిసి, అది దేనికి పెట్టిన పేరో మరిచిపోయిన తరవాత కూడా, ఆ ఊరివాళ్లు మాది శంకరం అని చెప్పినప్పుడల్లా కింద ఏముందో చెబుతూనే వచ్చారు.

ఏ తరమైనా ముందు తరం గోడ మీదే తన గోడ కట్టుకుంటుంది. ఇంకెక్కడా చోటు లేదు. కింది పొరని కళ్ల ముందు ఉంచుకోవడం అందరికీ కుదరదు, అందరికీ ఇష్టమూ ఉండదు. దాని పేరైనా పై పొరలో ఎక్కడో ఒకచోట ఉండాలి. వెతికేవాడికి దొరికేలా.